పుట్టింటి పేరు రాసిపెట్టుకో

అమ్మలూ,

పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలా, ఉన్నది ఉంచుకోవాలా అని అడిగావు. ఫోనులో నాలుగు ముక్కలు చెప్పి సరిపెట్టే సంగతి కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. నీ ఈడు పిల్లలు చాలామంది ఇదే అడుగుతున్నారు. వాళ్లూ చదువుకుంటారని పత్రికకే పంపుతున్నాను. నలుగురి చేతుల్లో పడేది కనుక మన ఇంటిపేర్లు మాత్రం ఇందులో రాయను.

ముందు నా మాట చెప్పేస్తాను. మార్చుకున్నా తప్పు లేదు, మార్చుకోకపోయినా తప్పు లేదు. నిన్ను అడక్కుండా మారిపోతే మాత్రం తప్పు. మారినా మారకపోయినా నువ్వు పుట్టిన ఇంటిపేరు, మీ అమ్మ పుట్టిన ఇంటిపేరు, నేను పుట్టిన ఇంటిపేరు ఒకచోట రాసిపెట్టి ఉండాలి. నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఎందుకంటున్నానో విను.

ఇంటిపేరు తాతముత్తాతల నాటిది, దాన్ని కదిలించకూడదు అని మీ పెదనాన్న అన్నాడని చెప్పావు. ప్రేమ కొద్దీ అన్న మాటే. కానీ మన ఇంటిపేర్లు ఎలా పుట్టాయో చూస్తే ఆ మాట నిలబడదు. మన కాకుమాను చుట్టుపక్కల ఊళ్లే తీసుకో. కొమ్మూరు ఉంది, కొమ్మూరి వారున్నారు. గరికపాడు ఉంది, గరికపాటి వారున్నారు. వల్లూరు పేరున వల్లూరి వారు, రేటూరు పేరున రేటూరి వారు. కాకుమాను అనే ఇంటిపేరుతోనూ ఎన్నో కుటుంబాలున్నాయి. ఇక్కడ ఒక సంగతి గమనించు. కాకుమానులో ఉన్నంతకాలం ఎవరినీ కాకుమాను వారని పిలవరు, ఊరంతా కాకుమాను వారే కదా! బతుకుతెరువు కోసమో, కరువుకు భయపడో, అగ్రహారం దొరికో ఊరు దాటి ఇంకోచోట కాపురం పెట్టినప్పుడు, అక్కడివాళ్లు ఆనవాలు కోసం "కాకుమాను వాళ్లు" అన్నారు. రెండు తరాలు గడిచేసరికి అదే ఇంటిపేరై స్థిరపడింది. ఊరి పేరు మీద వచ్చిన ప్రతి ఇంటిపేరు వెనకా ఆ ఊరు విడిచి వెళ్లిన కుటుంబం ఒకటి ఉంటుంది. అంతకు ముందు వాళ్లను ఇంకేదో పేరుతో పిలిచి ఉంటారు. తెనాలి రామకృష్ణుడి ఇంటిపేరు గార్లపాటి అని చెబుతారు, లోకానికి మాత్రం ఆయన తెనాలివాడే. మన పక్కనున్న కొమ్మూరులో 1912లో పుట్టిన జంధ్యాల పాపయ్యశాస్త్రి గారికి పుట్టిన ఊరొకటి, ఇంటిపేరొకటి, జనం నోట నిలిచిన కరుణశ్రీ అన్న పేరు మరొకటి.

అలాగని ఇంటిపేరు తేలికైనదని నేననను. ఎంత గట్టిదో మన గుంటూరు సీమలోనే చూడొచ్చు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి ఈ పక్కన వేల కుటుంబాలు క్రైస్తవం తీసుకున్నాయి. తర్వాతి తరాల్లో ఏసురత్నాలు, శామ్యూళ్లు, మరియమ్మలు వచ్చారు. దేవుడు మారాడు, పండగలు మారాయి, మనిషి పేరు మారింది. ఇంటిపేరు మాత్రం అలాగే ఉండిపోయింది. గుర్రం జాషువా గారి పేరే సాక్ష్యం. మతం మారినా చెక్కుచెదరని ఆ ఇంటిపేరు, ఆడపిల్ల మెడలో మూడు ముళ్లు పడగానే మారిపోతోంది. నాకు చిన్నప్పటి నుంచీ మనసులో మెదిలే సంగతి ఇది.

మగవాళ్లకూ ఇంటిపేరు మారేది. దత్తత వెళితే మారేది. శ్రీశ్రీ గారు పుట్టింది పూడిపెద్ది వారింట. శ్రీరంగం వారికి దత్తుడై శ్రీరంగం శ్రీనివాసరావు అయ్యారు. ఆ రెండు 'శ్రీ'లలో మొదటిది దత్తతతో వచ్చిందే. దత్తత జరగకపోతే తెలుగువాళ్లకు శ్రీశ్రీ అన్న పేరే లేదు.

ఇంకా దగ్గరి ముచ్చట ఒకటుంది, తెనాలితో అల్లుకుపోయిన కొమ్మూరి వారిది. చలం గారు 1894లో పుట్టినప్పుడు కొమ్మూరి వారి బిడ్డ, తండ్రి పేరు కొమ్మూరి సాంబశివరావు. అమ్మకు తండ్రైన గుడిపాటి వెంకటరామయ్య గారు దత్తత తీసుకుంటే గుడిపాటి వెంకటచలం అయ్యారు. ఆయన తమ్ముడి ఇల్లు కొమ్మూరి వారిల్లుగానే ఉండిపోయింది. ఆ తమ్ముడి భార్యే నాటకాల్లోనూ తొలినాటి సినిమాల్లోనూ వేసిన కొమ్మూరి పద్మావతీదేవి. ఆమె కొడుక్కి తాతగారి పేరు పెట్టారు. డిటెక్టివ్ నవలల కొమ్మూరి సాంబశివరావు అంటే మా తరంలో తెలియనివాళ్లు లేరు. ఆమె కూతుళ్లలో వరూధిని గారు కొడవటిగంటి కుటుంబరావు గారిని చేసుకుని కొడవటిగంటి వరూధిని అయ్యారు. ఉషారాణి గారు పంజాబీ ఇంటికి కోడలై ఉషారాణీ భాటియాగా కథలు రాశారు. ఇప్పుడు గుడిపాటి, కొమ్మూరి, కొడవటిగంటి, భాటియా అన్న నాలుగు పేర్లూ పక్కపక్కన పెట్టు. వీళ్లంతా ఒకే ఇంటి రక్తమని పేర్లు చూసి ఎవరైనా చెప్పగలరా? వీళ్లు రచయితలు కాబట్టి, వీళ్ల గురించి రాసినవాళ్లున్నారు కాబట్టి మనకు తెలిసింది. మామూలు ఇళ్లలో ఎవరు రాస్తారు?

చలం గారికి ఇంటిపేరు మారడానికీ, ఆ ఇంటి ఆడపిల్లలకు మారడానికీ తేడా ఉంది, చూశావా? దత్తతంటే నలుగురిని పిలిచి చేసే తంతు. కాగితం రాసుకునేవారు. ఇంటిపేరుతో పాటు ఆ ఇంటి ఆస్తీ, అప్పూ, తద్దినాలూ అన్నీ కుర్రాడివే. 1956 దత్తత చట్టం కూడా దత్తుడు ఆ రోజు నుంచి ఆ ఇంటి బిడ్డేనని రాసింది. ఇల్లరికం అల్లుడి సంగతి ఇంకా విచిత్రం. అత్తగారింట కాపురం చేస్తాడు, మామగారి పొలం దున్నుతాడు, అయినా మామూలుగా అతని ఇంటిపేరు అతనిదే, పుట్టింట్లో వాటా కూడా పోదు. ఆడపిల్లకైతే ఏ కాగితమూ లేకుండానే మారిపోయేది. శుభలేఖలో పుట్టింటి పేరు చివరిసారి కనబడేది. పెళ్లిలో ప్రవర చదివేటప్పుడు ముత్తాత, తాత, తండ్రి అని మూడు తరాల మగవాళ్ల పేర్లు వినబడతాయి. ముత్తవ్వ పేరు గానీ, ఆమె ఏ ఇంటి నుంచి వచ్చిందో గానీ వినబడదు.

నేను బళ్లో పనిచేసినన్నాళ్లూ జూన్ నెలలో అడ్మిషన్ రిజిస్టరు నా చేత్తో రాసేదాన్ని. ఎర్ర గీతల పెద్ద పుస్తకం అది. పిల్ల పేరు ఇంటిపేరుతో సహా, తండ్రి లేదా సంరక్షకుడి పేరు, పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ, కులం, ఊరు, చివరికి పుట్టుమచ్చలు. కుడి మోచేతి కింద ఒకటి, మెడ వెనక ఒకటి, చొక్కా కాలరు కిందికి లాగి మరీ చూసి రాసేవాళ్లం. బిడ్డ వేలు పట్టుకుని తీసుకొచ్చిన తల్లి ఎదురుగా నిలబడి ఉండేది. ఆమె పేరు రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు. ఆ గడి తర్వాతెప్పుడో వచ్చింది. మచ్చకున్న చోటు తల్లికి లేకపోయింది గదా అని ప్రతి జూన్‌లోనూ అనిపించేది.

మన ఇంట్లో జరిగిందే ఒకటి చెబుతాను. మా అమ్మ తన మేనమామనే చేసుకుంది. అంటే మా అమ్మమ్మ పెళ్లినాడు పుట్టింట్లో వదిలి వచ్చిన ఇంటిపేరే మా అమ్మకు అత్తింటి పేరుగా తిరిగి వచ్చింది. ఆ పేరుతోనే నేను పుట్టాను. దగ్గరి రక్తసంబంధం పెళ్లిళ్లు పిల్లల ఆరోగ్యానికి మంచివి కావని డాక్టర్లు చెబుతున్నారు, నేనూ వద్దనే అంటాను. ఆ రోజుల్లో మాత్రం ఆడవాళ్ల ఇంటిపేరు వెనక్కి తిరిగొచ్చే దారి అదొక్కటే. ఆ దారి పోవలసిందే. అయితే ఆ జ్ఞాపకం నిలవడానికి ఇంకో దారి మనమే వేసుకోవాలి. అందుకే రాసిపెట్టమంటున్నాను. ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ముల వరస, సంబంధం కలుపుకోకూడదన్న కట్టుబాటు మనకుంది. తండ్రి వైపు అంత జాగ్రత్తగా చూసుకునేవాళ్లం, తల్లి వైపు రెండు మెట్లు పైకెక్కితే ఇంటిపేరే చెప్పలేకపోతున్నాం.

మార్చుకుంటే మనిషి చిన్నబోతుందని అనుకోకు. బాపట్లలో 1896లో పాలపర్తి వారి ఆడపడుచుగా పుట్టిన వరలక్ష్మమ్మ గారు చిన్ననాటే పెళ్లై కనుపర్తి వరలక్ష్మమ్మ అయ్యారు. ఆ పేరుతోనే తెలుగు దేశమంతా ఆమెను ఎరుగుదురు. 1931లో బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలి పెట్టారు, గృహలక్ష్మి పత్రికలో శారద లేఖలు రాసి ఆడవాళ్ల చదువు, హక్కులు, పెళ్లి చట్టాలు అన్నీ మాట్లాడారు. ఉత్తరాల కింద సంతకానికి ఆమె ఎంచుకున్నది శారద అన్న పేరు, అది పుట్టింటిదీ కాదు, అత్తింటిదీ కాదు. ఇటు రంగనాయకమ్మ గారు దద్దనాల వారింట పుట్టి, ముప్పాళ్ల రంగనాయకమ్మగా పుస్తకాలు అచ్చేసి, ఆ కాపురం వదిలాక ఏ ఇంటిపేరూ లేకుండా వట్టి రంగనాయకమ్మగా రాశారు. తెనాలి కాలేజీలో తెలుగు పాఠం చెప్పిన పోపూరి లలితకుమారి గారు ఓల్గా అని సంతకం చేశారు, చనిపోయిన అక్క పేరది. ఈ ముగ్గురూ మూడు దారుల్లో నడిచారు. ఏ దారైనా తమ పేరు తాము నిర్ణయించుకున్న ఆడవాళ్లు వీళ్లు. నీ దగ్గర నేను చూడాలనుకునేది అదే.

ఇక నీ కాగితాల సంగతి. పెళ్లయితే భార్య ఇంటిపేరు మార్చుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. పాస్‌పోర్టులో పేరు మార్చుకోనక్కర్లేదని 2017 ఏప్రిల్‌లో ప్రధానమంత్రే ప్రకటించారు. నీ పదో తరగతి సర్టిఫికెట్టు, ఇంజనీరింగ్ పట్టా, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా అన్నీ ఒక పేరు మీద ఉన్నాయి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు. పెళ్లి హడావుడిలో ఎవరో ఆధార్ సెంటరుకు తీసుకెళ్లి మార్పించేసి, మిగతావి అలాగే వదిలేస్తే, రేపు వీసాకో ఇంటి లోనుకో "ఈ ఇద్దరూ ఒకరే" అని అఫిడవిట్లు పట్టుకుని తిరగాల్సి వస్తుంది. మారిస్తే అన్నీ మార్చు, గెజిట్ ప్రకటన దాకా పోయి పద్ధతిగా మార్చు. లేకపోతే ఒక్కటీ కదపకు. సగం మార్పు వద్దు. ఏ దారి తొక్కినా పెళ్లి రిజిస్టరు చేయించు. మన రాష్ట్రంలో పెళ్లి నమోదు తప్పనిసరి చేస్తూ 2002లోనే చట్టం వచ్చింది, ఆ సర్టిఫికెట్టే నీ పాత పేరునూ కొత్త కాపురాన్నీ కలిపే కాగితం.

ఇంటిపేరు మారితే పుట్టింటి పొలంలో వాటా పోతుందని ఇప్పటికీ నమ్మేవాళ్లు మన ఊళ్లో ఉన్నారు. పోదు. మన రాష్ట్రంలో పెళ్లికాని కూతుళ్లకు 1985 సెప్టెంబరు నుంచే ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఉంది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో దేశమంతటా పెళ్లయినవాళ్లకూ కానివాళ్లకూ వచ్చింది. 2020లో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా స్పష్టం చేసింది. దస్తావేజు రాయించేటప్పుడు మాత్రం "ఫలానా వారి భార్య" అని ఊరుకోనివ్వకు, "ఫలానా వారి కుమార్తె" అని కూడా రాయించు. రిజిస్ట్రారు ఆఫీసులో ఆ ఒక్క మాట చాలా చిక్కులు తప్పిస్తుంది.

పరదేశం వెళ్తామంటున్నారు కాబట్టి ఇంకో మాట. మన ఇంటిపేరు ముందు వస్తుంది, అక్కడ వెనక వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసాలో మొదటి పేరు తెలియదని ఎఫ్ఎన్‌యూ అని అచ్చేస్తారు. ఆ మూడక్షరాలు పట్టుకుని తిరిగే తెలుగు పిల్లలు అక్కడ ఎందరో. ఎవరో గుమాస్తా రాసిన దానికి తరాలు కట్టుబడి ఉండాల్సి వస్తుందనడానికి మారిషస్ తెలుగువాళ్లే ఉదాహరణ. 19వ శతాబ్దంలో చెరుకుతోటల కూలికి వెళ్లినవాళ్ల సొంతపేర్లనే అక్కడి దొరల రిజిస్టర్లు ఇంటిపేర్లు చేశాయి. నతాషా అప్పన్న అని ఆ దీవిలో పుట్టి ఫ్రెంచిలో రాసే పేరున్న నవలారచయిత్రి ఉన్నారు. ఆమె పూర్తి పేరులో పాతరెడ్డి, అప్పన్న అన్న రెండు మాటలూ సముద్రం దాటిన మన తెలుగు పేర్లే. జపాన్‌లో ఈనాటికీ భార్యాభర్తలు ఒకే ఇంటిపేరు పెట్టుకోవాలని చట్టం. ఎవరిదైనా పెట్టుకోవచ్చని రాసినా, మార్చుకునేది దాదాపు అన్ని ఇళ్లలోనూ ఆడవాళ్లే. కెనడాలోని క్విబెక్‌లో 1981 నుంచి పెళ్లయినా పుట్టినప్పటి పేరే చెల్లుతుంది. లోకమంతా తర్జనభర్జన పడుతున్న విషయమే, నీ ఒక్కదాని పంతం కాదు.

నువ్వు అడగలేదు గానీ నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది పుట్టబోయే బిడ్డ సంగతి. 2022 జులై 28న సుప్రీంకోర్టు మన తెలుగు ఇంటి కేసులోనే ఒక తీర్పు చెప్పింది. బిడ్డ పసిగుడ్డుగా ఉన్నప్పుడే భర్త పోయాడు. ఆ తల్లి మళ్లీ పెళ్లి చేసుకుని, బిడ్డకు కొత్త సంసారం ఇంటిపేరే పెట్టుకుంది. మొదటి అత్తమామలు కోర్టుకెక్కారు. పాత ఇంటిపేరే పెట్టాలని, రికార్డుల్లో రెండో భర్తను మారుతండ్రిగా చూపాలని హైకోర్టు అంది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తండ్రి లేనప్పుడు తల్లే సహజ సంరక్షకురాలు, బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఆమెదేనని చెప్పింది. మారుతండ్రి అని రాయించడం ఆ బిడ్డ మనసును ఎంత నొప్పిస్తుందో ఆలోచించమంది. ఆ తాతా నాయనమ్మల దుఃఖం నాకు అర్థమవుతుంది, కొడుకు గుర్తు ఆ పేరొక్కటే మిగిలిందనుకున్నారు. అయినా తీర్పు న్యాయమైనదే. పసివాడు రోజూ బళ్లో ఏ పేరుకు పలుకుతాడో, ఆ పేరు వాడి ఇంట్లో వాళ్లదై ఉండాలి.

2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడి దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి, పుట్టిన చోటుకు జనన ధ్రువపత్రమే ఆధారం. కాబట్టి ఆస్పత్రి మంచం మీద నీరసంగా పడుకుని ఉన్నప్పుడు ఎవరో వచ్చి ఫారం నింపుకుపోయే పద్ధతి వద్దు. బిడ్డకు నీ ఇంటిపేరా, అతనిదా, రెండూనా అన్నది ఇప్పుడే, పెళ్లికి ముందే మాట్లాడుకోండి. అబ్బాయి మంచివాడంటున్నావు. మంచివాడైతే ఈ మాట ఎత్తినందుకు నొచ్చుకోడు. నొచ్చుకుంటే ఎందుకో నెమ్మదిగా అడుగు, వాళ్లమ్మ పుట్టింటి పేరేమిటో కూడా అడుగు. చెప్పలేకపోతే ఇంటికి వెళ్లి కనుక్కోమను. అత్తగారి దగ్గర నీకు మొదటి చనువు అక్కడే ఏర్పడుతుంది.

అత్తింటి పేరు ఇష్టంగా పెట్టుకుంటానంటే నాకు సంతోషమే. నేనూ మీ తాతయ్య ఇంటిపేరుతో నిండుగా బతికాను, ఆ పేరుతో పిలిస్తే ఈనాటికీ గర్వంగా పలుకుతాను. పెట్టుకోనంటే అదీ సంతోషమే, మీ పెదనాన్నకు నేను చెబుతాను. నిశ్చితార్థం అయ్యాక కాకుమాను వచ్చేటప్పుడు మంచి అట్ట ఉన్న నోటుపుస్తకం ఒకటి తెచ్చుకో. మా అమ్మ వైపు, మీ తాతయ్య వాళ్లమ్మ వైపు నాకు తెలిసిన ఆడవాళ్ల పేర్లు, వాళ్లు పుట్టిన ఇంటిపేర్లు, ఏ ఊరి నుంచి వచ్చారో అన్నీ చెబుతాను, రాసుకో. నాకు తెలియనివి రేపల్లెలో ఉన్న మా చిన్నమ్మకు తెలుసు. ఆవిడ పెద్దదైపోయింది, ఆలస్యం చేయకుండా రా.